ఇంటి ఖర్చులో పొదుపు, ఇంట్లోంచే నాలుగు రాళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హనుమకొండ. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. అత్తయ్య, ఇద్దరు పిల్లలతో కలిపి ఇంట్లో ఐదుగురం. పదకొండేళ్ళుగా ఇంటి పద్దు నేనే రాస్తున్నాను. ఆ సంగతి తెలిసిన చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ళు, మా డ్వాక్రా గ్రూపు అక్కలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను ఆడిటర్‌ని కాను. ఇక్కడ రాసిన సరుకుల ధరలు మా ఊరివి, మేం కొన్నప్పటివి. మీ దగ్గర వేరుగా ఉంటాయి.

జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్క నెల ఏమీ తగ్గించకండి. ఊరికే రాయండి చాలు. నోటు చేతిలోంచి పోతుంటే మనసుకు తెలిసేది. ఇప్పుడు ఫోన్ ‘టింగ్’ అంటుంది, అంతే. నేను మొదటి నెల రాసినప్పుడు బియ్యం, పాలు, ఫీజులు అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. అనుకోనిది పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే యాప్ ఖర్చు. ఒకరోజు మూడు నిమ్మకాయల కోసం ఆర్డర్ పెట్టాను. ఫ్రీ డెలివరీ రావాలంటే ఇంకో 150 రూపాయల సరుకు కలపమంది. చిప్స్, ఐస్‌క్రీమ్ కలిపాను. బిల్లు 212. మా వీధి చివర కొట్టులో నిమ్మకాయలు పది రూపాయలకు మూడు ఇస్తారు. ఆ నెలలో ఇలాంటివి పంతొమ్మిది ఆర్డర్లు తేలాయి.

పద్దు పుస్తకంలో రాయాలా, యాప్‌లోనా?

మీరు ఏది మానకుండా రాస్తారో అది. నాకు యాప్ మూడు వారాలే నడిచింది. ఇప్పుడు ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక డైరీ, దానికి దారంతో కట్టిన పెన్ను. దారం లేకపోతే పెన్ను పిల్లల బ్యాగులోకి పోతుంది, పద్దు అక్కడితో ఆగిపోతుంది.

నెలాఖరుకు మిగిలింది దాద్దామనుకుంటాం. ఏమీ మిగలట్లేదు అక్కా.

మిగలదు. ఎవరికీ మిగలదు. జీతం పడిన రోజునే పక్కకు వెళ్ళిపోవాలి. 1990ల్లో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు ‘పొదుపు లక్ష్మి’ పేరుతో రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. కూలి డబ్బు ఇంటికొచ్చిన రోజే ఆ రూపాయి పక్కకు పోయేది. తర్వాత ఊరూరా వచ్చిన పొదుపు సంఘాలకు ఊపు తెచ్చిన వాటిలో అదొకటి. వారానికోసారి మిగిలింది ఇద్దాం అనుకుని ఉంటే ఆ సంఘాలు నెల కూడా నడిచేవి కావు.

మనకైతే నెలనెలా కట్టే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ (ఆర్.డి.) ఉంది. నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, ఐదేళ్ళ గడువు. 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు వెయ్యి కడితే ఐదేళ్ళకు సుమారు 71 వేలు చేతికొస్తాయి. బ్యాంకు ఆర్.డి. అయితే జీతం పడిన మర్నాడు దానంతటదే కట్ అయ్యేలా పెట్టించుకోండి. మా ఆయనకు చేతిలో డబ్బుంటే నిలవదు. కట్ అయిపోయాక మాత్రం ఆ డబ్బు ఊసే ఎత్తరు.

నాదొక చిన్న అలవాటు కూడా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కదా. నేను పరకాలలోని పుట్టింటికి వెళ్ళొచ్చినప్పుడల్లా, కొనని ఆ టికెట్ డబ్బు ఇంటికి రాగానే ఒక హార్లిక్స్ సీసాలో వేస్తాను. లేకపోతే ఆ మిగులు ఎటుపోయిందో తెలియకుండా పోతుంది. ఆంధ్రలో వాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉచిత బస్సు వచ్చింది, వాళ్ళూ చేయొచ్చు.

అప్పులున్నాయి. ముందు పొదుపు చేయాలా, అప్పు తీర్చాలా?

అప్పే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. క్రెడిట్ కార్డులో ‘మినిమమ్ డ్యూ’ మాత్రమే కట్టి ఊరుకుంటే చాలా కార్డుల మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా పడుతుంది, అది ఇంకా ఎక్కువ. ఏడు శాతం వచ్చే డిపాజిట్‌లో డబ్బు పెట్టి, ముప్ఫై ఆరు శాతం అప్పు నెత్తిన పెట్టుకోవడంలో అర్థం లేదు. ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రం ఉంచుకోండి. లేకపోతే పిల్లలకు జ్వరం వస్తే మళ్ళీ అదే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి.

కరెంటు బిల్లు ఎలా తగ్గించాలి? లైట్లు ఆపుతూనే ఉన్నాం.

లైట్లతో పెద్దగా తేడా రాదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలు వెలిగినా యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. పిల్లల్ని లైట్ ఆపమని అరిచే ముందు గీజర్ చూడండి. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్ అయిపోతుంది. మా ఇంట్లో గీజర్ స్విచ్ వేసి ఎవరి వీలును బట్టి వాళ్ళం గంటన్నర పాటు తీరికగా స్నానాలు చేసేవాళ్ళం. ఇప్పుడు మధ్యలో ఆగకుండా వరసగా చేస్తాం, ఎండాకాలం దాని స్విచ్చికి టేపు వేసేస్తాను.

అసలు లెక్క స్లాబులో ఉంది. మా తెలంగాణ బిల్లే తీసుకోండి. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. అదే 201 అయితే మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున వేస్తారు, ఆ మీదిదానికి 7.70. మొత్తం 1027.70. మిగతా ఛార్జీలు కాకుండానే ఒక్క యూనిట్‌కు 207 రూపాయల తేడా! తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వస్తున్న వాళ్ళకైతే 200 దాటిన నెల జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సి వస్తుంది. ఈ పథకం అద్దె ఇళ్ళలో ఉన్న వాళ్ళకూ వర్తిస్తుంది.

అందుకే రీడింగ్ తీసే తారీఖు గుర్తుపెట్టుకుని, వారం ముందు మీటర్ చూస్తాను. 165 దాటి ఉంటే ఆ వారం ఇస్త్రీ బట్టలు బయటికి వెళ్తాయి, మిక్సీ పని రోలుకు మారుతుంది. అత్తయ్యకు అదో సరదా.

బీఎల్‌డీసీ ఫ్యాన్ కొంటే నిజంగా మిగులుతుందా?

పాత ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్ ఐదు రూపాయలనుకుంటే నెలకు 80. మూడు వేల ఫ్యాన్ ధర తిరిగి రావడానికి మూడేళ్ళు దాటుతుంది. కానీ మీ మీటర్ 205, 210 దగ్గర ఊగుతుంటే ఒక్క ఫ్యాన్ మారిస్తే చాలు, ఏడాదిన్నరలోపే గిట్టుతుంది. బాగా నడుస్తున్న ఫ్యాన్లు నాలుగూ ఒకేసారి పీకేయకండి. పాడైనప్పుడు మార్చుకోండి.

గ్యాస్ బండ ఎక్కువ రోజులు రావాలంటే?

కందిపప్పు అరగంట నానబెట్టాలి. అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో గిన్నె మీద గిన్నె పెట్టాలి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించాలి. పాలు, పిండి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పొయ్యి మీద పెట్టకూడదు. మంట పసుపుగా వస్తోందంటే బర్నర్ చిల్లులు మూసుకున్నాయని, పిన్నీసుతో పొడిచి కడగండి. ఇవన్నీ చేశాక మా బండ 36 రోజుల నుంచి 45 రోజులకు వచ్చింది.

ఇంకొకటి. బండ తీసుకునేటప్పుడు తూకం వేయించండి. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేంత తూగాలి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తెలంగాణలో 500 రూపాయల బండ, ఆంధ్రలో దీపం కింద ఏడాదికి మూడు ఉచిత బండలు, ఈ పథకాలు వచ్చే వాళ్ళు ఖాతాలో డబ్బు పడిందో లేదో ప్రతిసారీ చూసుకోండి. ఆధార్ లింక్ తెగిపోయి, మా గ్రూపులో ఒకావిడకు ఆర్నెల్లు పడలేదు, ఆమెకు తెలియను కూడా తెలియదు.

ఏడాది సరుకులు ఒకేసారి కొనడం లాభమేనా?

కొన్నిటికే. కొత్త పంట వచ్చే కాలం తెలిసి ఉండాలి, దాచడం తెలిసి ఉండాలి. రెండూ లేకపోతే నష్టమే.

సంక్రాంతి దాటాక కొత్త కందిపప్పు దిగుతుంది. తాండూరు పప్పుకు ధర కాస్త ఎక్కువైనా త్వరగా ఉడుకుతుంది, ఆ మేరకు గ్యాస్ మిగులుతుంది. శివరాత్రి తర్వాత కొత్త చింతపండు. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరే కాబట్టి కారం కోసం ఘాటు రకం మూడొంతులు, రంగు కోసం చపాటా ఒక వంతు తెచ్చుకుంటాం. చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చూడ్డానికి చిన్న టమాటాలా ఉంటుంది, ఘాటు తక్కువ, ఎరుపు మాత్రం కళ్ళు చెదిరిపోతాయి. తొడిమలు తీసి, రెండు రోజులు ఎండబెట్టి మరలో పట్టిస్తాం. మర దగ్గరే నిలబడాలి. లేకపోతే ముందు పట్టించిన వాళ్ళ ధనియాల వాసన మన కారంలోకి వస్తుంది.

కందిపప్పుకు కాస్త ఆముదం పట్టించి, ఎండలో ఆరనిచ్చి డబ్బాల్లో పోస్తే ఏడాది పురుగు రాదు. చింతపండు గింజ, ఈనె తీసి, కళ్ళుప్పు కలిపి జాడీలో అదిమి పెట్టాలి. బియ్యంలో ఎండిన వేపాకు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి వానాకాలం పంట బియ్యం డిసెంబర్, జనవరిలో కొని ఆరు నెలలు ఆగి మొదలుపెడతాం.

పోయినేడు ఇరవై కిలోల పప్పు కిలో 118 చొప్పున కొన్నాం. నెలనెలా కొట్టులో 145 దాకా పలికింది. 540 రూపాయలు మిగిలాయి. గోధుమపిండి, రవ్వ, పల్లీలు మాత్రం ఎప్పుడూ నిల్వ పెట్టను. ఒక ఏడు పది కిలోల పల్లీలు కొని, వానాకాలంలో బూజు పట్టి మొత్తం పారబోశాను. చాలాకాలం అత్తయ్య ‘పల్లీలు’ అన్నప్పుడల్లా నా ముఖం చూసేవారు.

ఒకేసారి అంత డబ్బెక్కడిది అంటారా? సరుకుల కోసమే నెలకు 1,500 చొప్పున ఏడాది ఆర్.డి. కడతాను. జనవరిలో చేతికి వచ్చేలా చూసుకుంటాను.

కూరగాయలకు రైతు బజారా, సంతా?

1999లో మొదలైనప్పటి నుంచి రైతు బజార్లలో బోర్డు మీద ధర రాస్తారు, బేరం పని ఉండదు. మా వీధి బండి కంటే చవకే. కానీ ఆటోకు అరవై పెట్టి వెళ్ళి నలభై మిగుల్చుకునే వాళ్ళను చాలామందిని చూశాను. ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి వెళ్ళండి.

ఆఫర్లలో కొంటే మంచిదే కదా?

అడ్డికి పావుసేరు అని రాసి ఉన్నా, మీ డైరీలో ముందే ‘కొనాలి’ అని రాసుకోని వస్తువు కొంటే అది ఖర్చే.

పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు... చదివింపులకే వేలు పోతున్నాయి.

ఇది ఎవరూ పద్దులో పెట్టరు గానీ మధ్యతరగతి ఇంటికి పెద్ద కన్నం ఇదే. మాకు ఏడాదికి పద్నాలుగు శుభకార్యాలు వచ్చాయి. నేనొక చదివింపుల పుస్తకం పెట్టాను: ఎవరు మనకు ఎంత చదివించారు, మనం ఎంత ఇచ్చాం. దగ్గరి వాళ్ళకు ముందే అనుకున్న మొత్తం, మిగతా వాళ్ళకు ఒకటే లెక్క, 516. శ్రావణ మాసం తాంబూలాల్లో ప్లాస్టిక్ డబ్బాల రిటర్న్ గిఫ్టులు మానేసి జాకెట్టు ముక్క, పండు, తమలపాకులకు వచ్చేశాను. మొదటి ఏడు ఇద్దరు మూతి తిప్పారు. మూడో ఏడుకు వాళ్ళూ అదే చేస్తున్నారు.

చిట్టీ వేయొచ్చా?

వేయొచ్చు, దాని లెక్క అర్థమైతే. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు, మనిషికి 5,000 అనుకోండి. మూడో నెల పాటలో ఒకాయన అవసరం కొద్దీ 30,000 తగ్గించి పాడాడు. ఆయన చేతికి 70,000 వస్తుంది. ఆ ముప్ఫై వేలలో చిట్టీ నడిపే వాళ్ళ కమిషన్ 5,000 పోతే మిగిలిన 25,000 ఇరవై మందికీ పంచుతారు, మనిషికి 1,250. ఆ నెల మీరు కట్టేది 3,750. అంటే తొందరగా పాడే వాళ్ళు వడ్డీ కడుతున్నారు, చివరిదాకా ఆగే వాళ్ళు ఆ వడ్డీ తింటున్నారు. ‘చిట్టీ ఎత్తాను’ అని సంబరపడే ముందు మీరు ఏ వైపున ఉన్నారో చూసుకోండి.

1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చిట్టీకీ రిజిస్ట్రార్ అనుమతి ఉండాలి, నడిపేవాళ్ళు చిట్టీ మొత్తానికి సరిపడా డిపాజిట్ గానీ సెక్యూరిటీ గానీ పెట్టాలి. కమిషన్ 7 శాతం దాటకూడదు. వీధి చిట్టీల్లో ఇవేవీ ఉండవు, ఉండేది నమ్మకం ఒక్కటే. మా పాత కాలనీలో ఒకావిడ తొమ్మిదేళ్ళు రూపాయి తేడా రాకుండా నడిపింది. పదో ఏట, ఒక చిట్టీ పద్నాలుగో నెలలో ఉండగా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. నావి 41,000 పోయాయి. నా దగ్గర రసీదు లేదు, ఆమె చేతిరాతతో ఉన్న చిన్న కార్డు ఉంది, దాని మీద లక్ష్మీదేవి బొమ్మ. పోలీసులకు అదే చూపించాను.

బంగారం షాపుల స్కీములో పదకొండు నెలలు కడితే ఒక నెల వాళ్ళు కలుపుతారట?

కలుపుతారు. కానీ డబ్బు తిరిగి రాదు, నగే కొనాలి. తరుగు, మజూరీ ఎక్కువ వేస్తే ఆ బోనస్ అక్కడే ఆవిరైపోతుంది. చేరేముందే ‘తరుగు మీద ఎంత తగ్గిస్తారో కార్డు మీద రాసివ్వండి’ అని అడగండి. కొనేటప్పుడు నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ అనే హాల్‌మార్క్ నంబర్ ఉందో లేదో చూడండి, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. పెళ్ళికి నగ ఎలాగూ కొనాల్సి ఉంటే స్కీము మంచిదే. పొదుపు కోసమైతే వద్దు.

ఆడపిల్ల పేరు మీద?

పదేళ్ళలోపు పాపకు సుకన్య సమృద్ధి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. పదిహేనేళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్కేళ్ళకు మెచ్యూరిటీ. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతం చేశారు. మూడు నెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి చేరే రోజున పోస్టాఫీసులో అడగండి.

ఇంట్లోంచి సంపాదించాలని ఉంది. పచ్చళ్ళు పెడదామా?

అందరూ ముందు అదే అడుగుతారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను, అక్కడే దెబ్బతిన్నాను. మొదటి ఆవకాయ లెక్క ఇదిగో, ఐదు కిలోల ముక్కలకు: కాయలు 280, కొట్టించినందుకు 70, ఆవపిండి 160, కారం 400, ఉప్పు 25, నువ్వుల నూనె రెండు లీటర్లు 760, వెల్లుల్లి 100, మెంతులు 20. మొత్తం 1,815. పది కిలోల పచ్చడి వచ్చింది. డబ్బాలు పదికి 250. కిలో 350 చొప్పున అమ్మితే 3,500 వచ్చాయి. 1,435 లాభం అని ఎగిరి గంతేశాను.

మా అమ్మాయి, అప్పుడు ఎనిమిదో తరగతి, ‘అమ్మా, ఎన్ని గంటలు చేశావ్?’ అని అడిగింది. కాయలు తుడవడం, ముక్కల జీడి తీయడం, కలపడం, మూడో రోజు తిరగేసి డబ్బాల్లో పెట్టడం, అత్తయ్యవీ నావీ కలిపితే ఇరవై రెండు గంటలు. గంటకు 65 రూపాయలు. అందులో ఆరు కిలోలు హైదరాబాద్‌కు ‘కొరియర్ ఫ్రీ’ అని పంపాను, కిలోకు 90 నా జేబులోంచి. అది తీసేస్తే గంటకు నలభై. మరుసటి ఏడు కిలో 450 చేసి, కొరియర్ విడిగా తీసుకున్నాను. నలుగురు తగ్గారు, పాత ధరకు కొన్న వాళ్ళలో మిగతా అందరూ కొన్నారు. గంటకు 110 పడింది.

మన చేతి పనికి కూలి వేసుకోకుండా ధర కట్టడమే ఇంట్లోంచి చేసే అన్ని పనుల్లోనూ జరిగే తప్పు.

మరి ఏది బాగా నడుస్తుంది?

జనం వారం వారం కొనేది. పచ్చడి కొన్నవాళ్ళు మళ్ళీ ఏడాదికి గానీ రారు. ఇడ్లీ, దోశ పిండి కొన్నవాళ్ళు మూడో రోజే తలుపు కొడతారు. మా అపార్ట్‌మెంట్‌లో నలభై ఇళ్ళు ఉంటే పన్నెండు ఇళ్ళు పిండి బయటే కొంటున్నాయని ముందు కనుక్కున్నాను, తర్వాతే గ్రైండర్ కొన్నాను. కుట్టు వచ్చిన వాళ్ళకు జాకెట్ల కంటే చీర ఫాల్, పీకో మేలు. కొలతల గొడవ లేదు, ‘చేతులు బిగుతైపోయాయి వదినా’ అనే మాట రాదు. చపాతీలు, చిన్నపిల్లల ట్యూషన్లు కూడా అంతే, రోజూ అవసరం. వాట్సాప్‌లో చీరలు అమ్మడం చూడ్డానికి తేలిక. అమ్ముడుపోని చీరలే బీరువాలో లాభమంతా మింగేస్తాయి, అప్పు పెట్టిన వాళ్ళు వేరే.

తినే వస్తువులు అమ్మడానికి లైసెన్స్ కావాలా?

కావాలి. చిన్న వ్యాపారాలకు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు. ఆ నంబర్ డబ్బా మీద వేయాలి. తయారు చేసిన తేదీ కూడా రాయండి.

ఫోన్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని మెసేజ్‌లు వస్తున్నాయి. నిజమేనా?

పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి, మన దగ్గర తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఫీజు, కిట్ డబ్బు, ‘రిఫండబుల్’ డిపాజిట్, ఏ పేరుతో అడిగినా వదిలేయండి. వీడియోలకు లైక్ కొడితే డబ్బు అనేది ముందు 150, 300 నిజంగానే వేస్తుంది. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని ఐదు వేలు కట్టమంటుంది, ఆ తర్వాత ఇరవై. మోసపోయామని తెలిసిన నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టకండి.

సంపాదించింది కూడా ఇంటి ఖర్చులో కలిసిపోతోంది.

వేరే ఖాతా తెరవండి, దాని క్యూఆర్ కోడ్‌తోనే అమ్మండి. పిండి డబ్బుతో ఉల్లిపాయలు కొనడం మొదలైతే గ్రైండర్ రిపేరుకు మళ్ళీ మీ ఆయన్ని అడగాలి.

ఎక్కడ అసలు తగ్గించకూడదు?

పిల్లల పాలు, పండ్లు, ఆరోగ్య బీమా, పెద్దవాళ్ళ మందులు. మందుల్లో మానడం వేరు, చవకగా కొనడం వేరు. అత్తయ్య బీపీ మాత్రలకు బ్రాండ్ పేరు కాకుండా మందు పేరు డాక్టర్‌తో రాయించుకుని, జనరిక్ మందులు అమ్మే జన్ ఔషధి కేంద్రంలో కొంటున్నాం, బ్రాండ్ ధరలో సగం కూడా పడట్లేదు.

నా పొదుపు ఒకసారి కాఫీ పొడి దాకా వెళ్ళింది. చవక రకం తెచ్చాను. అత్తయ్య రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం చెప్పులేసుకుని, తనే చౌరస్తా దాకా నడిచి వెళ్ళి పాత పొడి పావుకిలో తెచ్చుకున్నారు. ఆ వారం పద్దులో చవక పొడి 110, మంచి పొడి 190, రెండూ ఉన్నాయి. రెండోది అత్తయ్య చేతిరాత.